తోటలో ఎర్రటోపీ వృద్ధుడు

మొక్కలు నాటినంత మాత్రాన తోట మనదైపోదు. మన మనస్సుకు నచ్చిన వస్తువు ఏదైనా అందులో చోటు చేసుకొన్నప్పుడే అది మన తోట అనిపిస్తుంది. జర్మనీ, ఇంగ్లండు దేశాల ఇండ్ల ముందు కనిపించే ఒక చిన్న బొమ్మ ఇటువంటిదే. పొట్టి శరీరం, తెల్లని గడ్డం, కొనదేలిన ఎర్రటోపీ, చేతిలో పారయో, లాంతరో - ఇదీ దాని రూపం. ఆంగ్లేయులు దీనిని 'నోమ్' అంటారు. జర్మనులు తమ భాషలో తోట మరుగుజ్జు అంటారు. దీని చరిత్రను పాఠకులకు వివరించదలచినాము. ఏలయనగా ఇది బొమ్మ కథ మాత్రమే కాదు. అందంలోనూ మనుష్యులు కల్పించుకొన్న అంతస్తుల కథ.

భూమిలో సంచరించే అదృశ్య జీవులను 'నోమ్' అనే పేరుతో వర్ణించినవాడు 16వ శతాబ్దికి చెందిన స్విట్జర్లాండు వైద్యుడు పారసెల్సస్. జర్మనీ జానపద గాథలలోని మరుగుజ్జులు కొండల గర్భంలో లోహాలు త్రవ్వే శ్రామికులు. అందుచేతనే పలు బొమ్మల చేతులలో గునపమూ, లాంతరూ కనిపిస్తాయి. అనగా ఈ వృద్ధుడు పుట్టుకతోనే కష్టజీవి.

ఇతనిని ఇంగ్లండుకు తెచ్చినది మాత్రం ఒక సంపన్నుడు. నార్తాంప్టన్‌షైర్‌లోని లాంపోర్ట్ హాల్ యజమాని సర్ చార్లెస్ ఐషమ్ 1847 ప్రాంతంలో జర్మనీ నుండి కాల్చిన మట్టిబొమ్మలను తెప్పించి, తాను నిర్మించిన రాతితోటలో నిలిపినాడు. వాటిలో మిగిలినది ఒక్కటే. 'లాంపీ' అని ముద్దుగా పిలిచే ఆ బొమ్మను పది లక్షల పౌన్లకు బీమా చేసినారు.

1870వ దశకం నుండి జర్మనీలోని తురింగియా ప్రాంతపు గ్రేఫెన్‌రోడా గ్రామం ఈ పరిశ్రమకు ప్రసిద్ధి పొందినది. పలుచగా కలిపిన బంకమట్టిని జిప్సం అచ్చులో పోస్తారు. అచ్చు నీటిని పీల్చుకొనగా, లోపలి గోడలకు మట్టి పొరగా అంటుకొంటుంది. మిగిలిన మట్టినీటిని ఒంపివేసి, బొమ్మను తీసి, ఆరబెట్టి, బట్టీలో కాల్చి, చేతితో రంగులు వేస్తారు. కాల్చిన మట్టికి శత్రువు చలికాలం. దాని సూక్ష్మ రంధ్రాలలో చేరిన నీరు గడ్డకట్టినప్పుడు ఘనపరిమాణంలో సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి బొమ్మ పగులుతుంది. కనుకనే శీతల దేశాలలో మట్టిబొమ్మలను చలికాలంలో ఇంటిలోపల భద్రపరచడం మేలు.

1937లో వాల్ట్ డిస్నీ నిర్మించిన 'స్నో వైట్' చలనచిత్రం మరుగుజ్జులను ఇంటింటికీ పరిచయం చేసినది. తరువాత సిమెంటు, ప్లాస్టిక్ బొమ్మలు చౌకగా లభించసాగినవి. సామాన్యుని పెరటిలోనూ ఎర్రటోపీ వెలసినది. అప్పటినుండి కొందరు రసజ్ఞులకు అది వెగటైనది! లండనులోని సుప్రసిద్ధ చెల్సీ పుష్పప్రదర్శనలో ఈ బొమ్మలకు ప్రవేశం నిషిద్ధమైనది. 1913లో ఆరంభమైన ఆ ప్రదర్శన నూరేండ్ల ఉత్సవ సందర్భంగా, 2013లో నిషేధాన్ని ఆ ఒక్క ఏడాదికి సడలించినారు. ప్రముఖులు రంగులు వేసిన బొమ్మలను వేలం వేసి, పాఠశాలల తోటపనికి నిధులు సేకరించినారు.

ప్రభువు రాతితోటలో నిలిచినప్పుడు వినోదమైన బొమ్మ, కార్మికుని పెరటిలో నిలిచినప్పుడు వెకిలితనమెట్లయినది? బొమ్మ మారలేదు, యజమాని మారినాడు. అంతే భేదం.

అయితే అలంకరణకు ఒక మర్యాద లేకపోలేదు. బొమ్మలు గుంపుగా నిలిస్తే తోట అంగడిని తలపిస్తుంది. మొక్కల నీడలోనో, రాళ్ల సందునో, బాట మలుపులోనో ఒకటి రెండు చాలును. చూపరి వాటిని వెదకి కనుగొనవలెను. మొక్క ముందు, బొమ్మ వెనుక అనే నియమం తప్పకుండా వుంటే చాలును.

ఇతరుల ముంగిలిలోని చిన్న అలంకారాన్ని చూచి నవ్వబోయే ముందు ఒక్క క్షణం ఆగుదాము. ఒకరు దినమంతా శ్రమించి ఇల్లు చేరినప్పుడు ఆ బొమ్మయే వారికి తొలి పలకరింపు కావచ్చును. ఆ ఆనందానికి వెల కట్టే అధికారం ఏ రసజ్ఞునికీ లేదని మా విశ్వాసం.