కాలి పుండుకు ఏ కట్టు మంచిది?

మా మేనమామగారికి ఇరవై యేళ్లుగా చక్కెర జబ్బు. అరికాలిలో పుండు లేచినప్పుడు మా యింట పెద్ద తర్కమే జరిగింది. ఒకరు తేనె అన్నారు, ఒకరు పసుపన్నారు, మందుల షాపువారు వెండి కలిపిన ఖరీదైన కట్టు చూపారు. మేము అన్నీ వేసి చూచాము. మామయ్యగారు మాత్రం ఆ కాలితోనే రోజూ బజారుకు వెళ్లివస్తూ వున్నారు. స్పర్శ పోయిన కాలికి నొప్పెక్కడిది? చివరకు బొటనవేలు తీసివేశారు.

ఆ తరువాత తెలుసుకొన్న సంగతులు నలుగురికీ ఉపకరిస్తాయని వ్రాస్తున్నాము.

పుండు ఎండితే మానుతుందనేది పాత మాట. 1962లో జార్జి వింటర్ పందుల చర్మంపై పరిశోధించి, తడి ఆరకుండా కప్పిన గాయమే త్వరగా పూడుతుందని చూపారు. అట్లని నానిపోరాదు. 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు మధుమేహపు పుండ్లు మానటానికి తేనె, వెండి కట్లు వాడవద్దన్నవి. రసి పీల్చే మామూలు కట్టు చాలును. రక్తప్రసరణ తగ్గిన పుండ్లపై సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్ కట్టును పరీక్షించగా, 2018లో ఫలితాలు వెలువడినవి: 20 వారాలలో నూటికి 48 మందికి మానింది; అదే రకం కట్టు ఆ మందు లేకుండా వేసినవారిలో 30 మందికి.

అయితే ఏ కట్టయినా కాలిమీద బరువు తీయనిదే పనిచేయదు. వేలూరులో కుష్ఠురోగుల పాదాలను పరిశీలించిన డాక్టరు పాల్ బ్రాండ్ చెప్పిన పాఠమిదే. పిండికట్టు వేసి ఆ బరువును పాదమంతటికీ పంచేవారు.

పెద్దల అరికాళ్లు రోజూ చూడండి. ఎరుపు, వాపు, దుర్వాసన కనిపిస్తే ఆనాడే వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లండి. మామయ్యగారి రెండవ కాలిని ఇప్పుడు మా పిల్లలు రాత్రిపూట దీపం పట్టి చూస్తున్నారు.