నూనె మీద తేలే ఇరుసు

తొర్రూరులో వరంగల్–ఖమ్మం రోడ్డు పక్కన ఒక మెకానిక్ షెడ్డు. బల్ల మీద ట్రాక్టర్ ఇంజను బోర్లా పడి ఉంది. బోరింగు అయిపోయింది. కొత్త లైనర్లు, పిస్టన్లు ఎక్కాయి. మిగిలినవి ఆయిల్ పంపు, కింద బిగించే నూనె ఛాంబరు. కిందటిసారి నూనె ఒత్తిడి చూపే గేజి ముల్లు పడిపోయి ఇంజను పట్టేసిందని రైతుకు బెంగ.

"ఇంకింత పెద్ద పంపు ఎయ్యరాదు?" అన్నాడు.

"పంపు పెద్దగుంటె ఏం లాభం కాకా? తాగెటందుకు నూనె అందాలె గద" అన్నాడు మెకానిక్.

ఆ ఒక్క మాటలో సగం శాస్త్రం ఉంది. మిగతా సగం 1883లో ఇంగ్లండులో బయటపడింది. బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల్లో రాపిడిని కొలుస్తున్నాడు. ఇరుసు అడుగుభాగం నూనెలో మునిగి తిరుగుతోంది. నూనె పోసే బుడ్డి అమర్చుదామని బేరింగు పైభాగంలో రంధ్రం చేస్తే, లోపలి నూనె ఎగదన్నుకుని బయటికొచ్చింది. బిరడా పెడితే తోసేసింది. కర్రముక్క దిగ్గొట్టినా అంతే. గేజి తగిలిస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటింది. అక్కడ పంపే లేదు! తిరిగే ఇరుసే తన వెంట నూనెను సన్నని సందులోకి లాక్కెళ్తోంది. ఇరుకున పడ్డ నూనె బరువును ఎత్తి పట్టుకుంటోంది. దీనికి 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ లెక్క కట్టి చూపించాడు. మన ఎడ్లబండి ఇరుసుకు ఆముదం, గడ్డిమసి కలిపి కందెన పెట్టినవాళ్లు రాపిడి తగ్గాలనుకున్నారు. వేగంగా తిరిగే ఇరుసు బేరింగును తాకకుండా నూనె మీద తేలిపోగలదని టవర్ ప్రయోగంతో తెలిసింది.

కాబట్టి ఇంజనులో ఇరుసులా తిరిగే క్రాంకును మోసేది పంపు కాదు. తేలడానికి కావలసిన నూనెను ఆగకుండా అందించడమే పంపు పని. 1890లో బర్మింగ్‌హామ్‌లో ఆల్బర్ట్ పెయిన్ ఆవిరి ఇంజను బేరింగులకు పంపుతో నూనె పంపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు బుడ్డీలు, వత్తులు, చిలకరింపులు. పంపు లోపలి అమరిక మాత్రం ఇంకా పాతది. 1600ల తొలి ఏళ్లలోనే, గ్రహాల దారులు లెక్కగట్టిన కెప్లర్, గనుల్లో ఊటనీళ్లు తోడేందుకు రెండు పళ్లచక్రాల పంపును ఊహించాడు.

మెకానిక్ పంపు మూత తీశాడు. లోపల అవే రెండు చక్రాలు. పళ్లు కలిసే నడిమధ్య నుంచి నూనె పోతుందనుకుంటాం. కాదు, పళ్ల సందుల్లో చేరి, గోడ వెంబడి చుట్టూ తిరిగి అవతలికి చేరుతుంది. మధ్యలో కలుసుకునే పళ్లు దాన్ని వెనక్కి రానివ్వవు. చక్రాల మీద ఉక్కు స్కేలు అడ్డంగా పెట్టి, కింద ఫీలర్ గేజి రేకు దూర్చాడు. మూత లోపలివైపు గోరు ఆనించాడు. గోరు ఒక గాడిలో తట్టుకుంది. అరిగింది. ఆ సందులోంచి నూనె వెనక్కి జారుతుంది కనుక కొత్త పంపు కావాలి. అయితే పెద్దది కాదు, ఆ ఇంజనుకు చెప్పిన కొలతదే. ఎక్కువైన నూనెను రిలీఫ్ వాల్వు మళ్లీ ఛాంబరులోకే వదిలేస్తుంది. మిగిలేది వృథా శ్రమ, అదనపు వేడి. క్రాంకు బేరింగులైన మెటల్స్ అరిగి సందులు పెరిగితే గేజి పడిపోతుంది. ఒడ్డుకు గండి పడ్డప్పుడు పెద్ద మోటరు పెడితే మడి నిండుతుందా?

నా దృష్టిలో పంపుకంటే ఛాంబరుకే ఎక్కువ ఆలోచన పెట్టాలి, ఎందుకంటే దాన్ని రేకుగిన్నెగానే చూస్తాం. చాలా ట్రాక్టర్లలో అది పోత ఇనుముది. నూనె పట్టడమే కాదు, బండి నడుములా బరువు కూడా మోస్తుంది. కరిగెట దున్నేటప్పుడు ముక్కు పైకి లేస్తే నూనె వెనక్కి పరుగెడుతుంది. అప్పుడు పంపు నూనె పీల్చే జాలి ముందువైపు ఉంటే పంపు మింగేది గాలినే. ఇంజను పడవలోనైతే ఈ వంపు ఎప్పుడూ ఉండేదే. పంకా కడ్డీ నీళ్లలోకి ఏటవాలుగా దిగుతుంది కనుక ఇంజనునూ వెనక్కి వాల్చి బిగిస్తారు. పైగా గంటల తరబడి నిండు బరువు మీద నడుస్తుంది. అందుకే పడవ ఇంజను బోరింగు చేయించేవాళ్లు వెనకవైపు లోతుండి, ఎక్కువ నూనె పట్టే ఛాంబరు వెతకాలి. పడవ అడుగున నీళ్లు నిలుస్తాయి గనుక పలచని రేకైతే తుప్పుతో తూట్లు పడుతుంది. డ్రెయిన్ బోల్టుకు చెయ్యి అందదు. నూనె మార్చాలంటే గేజి కడ్డీ గొట్టంలోంచి చేతిపంపుతో లాగాల్సిందే.

షెడ్డులో చివరి కొలత తడి పిండితో జరిగింది. జాలి మీద చిన్న ముద్ద అంటించి, ప్యాకింగుతో సహా ఛాంబరును ఆనించి తీశాడు. అణిగిన ముద్ద మందం సుమారు 8 మిల్లీమీటర్లు. మరీ దగ్గరైతే జాలికి ఊపిరాడదు, మరీ దూరమైతే గాలి తగులుతుంది. తల ఊపి, ముద్ద గీకేసి, జాలి శుభ్రంగా తుడిచాడు. కొత్త పంపులో వేలితో నూనె నింపి బిగించాడు.

ఇంజను నిలబెట్టి, నూనె పోసి, డీజిల్ ఆపి ఉంచి సెల్ఫ్ కొట్టాడు. రెండుసార్లు ముల్లు కదల్లేదు. రైతు గేజి మీది నుంచి చూపు తిప్పలేదు. మూడోసారికి ముల్లు లేచింది. కాసేపటికి పైన రాకర్ల దగ్గర నూనె ఊరింది. అప్పుడు డీజిల్ తెరిచాడు.