స్టీలు చల్లగా, చెక్క వెచ్చగా ఎందుకు? ఇంటర్వ్యూలో చెప్పగలరా?

ఇంటర్వ్యూ బోర్డులో ఒకరు మీ ముందున్న బల్లను చూపించి ఇలా అడిగారనుకోండి. ‘పైన చెక్కను, కింద స్టీలు కాలును ముట్టుకోండి. ఏది చల్లగా ఉంది?’ స్టీలే అంటారు. కరెక్టే. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. ‘మరి దేని ఉష్ణోగ్రత తక్కువ?’ చాలామంది తడబడేది ఇక్కడే. ‘స్టీలుదే సార్’ అనేస్తారు. రాత్రంతా ఒకే గదిలో ఉన్నాయి కాబట్టి రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే!

పరీక్షలో ఉష్ణ ప్రసారం మీద పది మార్కుల ప్రశ్న రాసినవాళ్లు కూడా ఈ చిన్న ప్రశ్న దగ్గర ఆగిపోతారు. టెక్నికల్ రౌండులో అడిగేవాళ్లకు కావాల్సింది కూడా ఇదే. ఫార్ములా మీకు నోటికి వచ్చా, అర్థమయ్యా అన్నది రెండు నిమిషాల్లో తేలిపోతుంది. కాబట్టి ఒకసారి మొదటి నుంచి చూద్దాం.

వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు

దీపావళికి కాకరపువ్వొత్తి కాలుస్తాం కదా. దాని రవ్వ ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీలు దాటి ఉంటుంది. అయినా చేతి మీద పడితే చురుక్కుమని ఆరిపోతుంది. అదే 60 డిగ్రీల నీళ్లు బకెట్‌తో మీద పడితే ఒళ్లు కాలిపోతుంది. రవ్వలో పదార్థం చాలా తక్కువ, అందుకే అది ఇవ్వగల శక్తీ తక్కువే. వేడి ఎటు కదలాలో నిర్ణయించేది ఉష్ణోగ్రత. అలా కదిలే శక్తి పేరే వేడి.

ఇప్పుడు బల్ల దగ్గరికి వద్దాం. గది 25 డిగ్రీలు, మీ వేలి చర్మం సుమారు 33 డిగ్రీలు. వేడి వేలి నుంచి బల్లకే వెళ్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఉష్ణవాహకత సుమారు 15. చెక్కది సుమారు 0.15. అంటే వందో వంతు. స్టీలు వేడిని వేగంగా లాగేసుకుంటుంది, చర్మం త్వరగా చల్లబడుతుంది. మనకు తెలిసేది మన చర్మం ఉష్ణోగ్రతే, బల్లది కాదు. మరి మే నెలలో గది 45 డిగ్రీలకు చేరితే? అదే స్టీలు చెక్క కంటే వేడిగా తగులుతుంది. ఈ రెండో సగం కూడా చెప్పారంటే బోర్డుకు మీ మీద నమ్మకం కుదిరినట్టే.

ఆ మైనస్ గుర్తు ఎందుకు?

ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త ఫోరియర్ 1822లో తన గ్రంథంలో వివరించిన సూత్రం ఇది: ఉష్ణ ప్రవాహ రేటు = − ఉష్ణవాహకత × వైశాల్యం × ఉష్ణోగ్రత ప్రవణత. ముందు మైనస్ ఎందుకని అడగడం ఇంటర్వ్యూల్లో మామూలే. ఉష్ణోగ్రత తగ్గే వైపుకే వేడి వెళ్తుంది. ఆ దిశలో ప్రవణత రుణాత్మకం. ప్రవాహం ధనాత్మకంగా రావాలంటే మైనస్ ఉండాలి. అంతే.

లెక్క కూడా వేసి చూద్దాం. తొమ్మిదంగుళాల (0.23 మీటర్లు) ఇటుక గోడ, వైశాల్యం 10 చదరపు మీటర్లు. గోడ బయటి ముఖం 40 డిగ్రీలు, లోపలి ముఖం 25 డిగ్రీలు. ఇటుక ఉష్ణవాహకత 0.7 అనుకుంటే, 0.7 × 10 × 15 ÷ 0.23 = సుమారు 456 వాట్లు. ఒక టన్ను ఏసీ లాగగలిగేది సుమారు 3,500 వాట్లు. అంటే ఆ ఒక్క గోడే ఏసీ సామర్థ్యంలో దాదాపు ఎనిమిదో వంతు తినేస్తోందన్నమాట. ‘టన్ను’ అంటే ఏసీ బరువు అనుకునేరు! సుమారు 907 కిలోల మంచుగడ్డ 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో అంత వేడిని లాగే సామర్థ్యం అది.

గోడలో జరిగేది ఉష్ణవహనం. గాలి, నీళ్లు కదులుతూ వేడిని మోసుకెళ్తే సంవహనం. ఏ యానకం లేకుండా సూర్యుడి నుంచి మనకు చేరేది వికిరణం. ఏ సమస్య ఇచ్చినా ముందు ఈ మూడింటిలో ఏది ఎక్కువగా పనిచేస్తోందో గుర్తించండి.

ఫ్రిజ్ తలుపు తెరిచి పెడితే?

‘వేడి చల్లటి వైపుకే వెళ్తుందన్నారు. మరి ఫ్రిజ్ లోపలి నుంచి బయటకు ఎలా వస్తోంది?’ అని అడిగితే కంగారు పడకండి. వేడి తనంతట తాను చల్లటి వస్తువు నుంచి వేడి వస్తువుకు పోదు అన్నది నియమం. ‘తనంతట తాను’ అన్న మాటే కీలకం. ఫ్రిజ్‌లో ఆ పని కంప్రెసర్ కరెంటు ఖర్చు పెట్టి చేయిస్తుంది. అందుకే మూసిన గదిలో ఫ్రిజ్ తలుపు తెరిచి పెడితే గది చల్లబడదు. కంప్రెసర్ వాడుకున్న కరెంటు కూడా చివరికి వేడిగా మారుతుంది కాబట్టి ఇంకా వేడెక్కుతుంది.

ఏ బ్రాంచికి ఏ పని?

ఇది మెకానికల్ వాళ్ల సబ్జెక్టు అని పక్కన పెట్టేయకండి.

* మెకానికల్: శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్‌లకు ఏసీల తయారీ ప్లాంట్లున్నాయి. అక్కడి ఉత్పత్తి మొత్తం నడిచేది ఈ సూత్రాల మీదే.
* ఎలక్ట్రికల్: 2022లో విద్యుత్ స్కూటర్లు తగలబడిన ఘటనల తర్వాత కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది. వేడెక్కిన ఒక సెల్ పక్క సెల్‌ను అంటించకుండా ఆపడం డిజైనర్ బాధ్యత.
* ఎలక్ట్రానిక్స్: చిప్‌కు, హీట్ సింక్‌కు మధ్య పేస్టు ఎందుకు పూస్తారు? ఆ సందులో ఉండే గాలి ఉష్ణవాహకత 0.026 మాత్రమే కాబట్టి.
* కంప్యూటర్ సైన్స్: సర్వర్ వాడుకునే కరెంటు దాదాపు మొత్తం వేడిగానే బయటికొస్తుంది. విశాఖలో గూగుల్ 2025లో ప్రకటించిన ఏఐ హబ్ లాంటి చోట చల్లబరచడమే పెద్ద ఇంజినీరింగ్ పని.
* సివిల్: తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఎండను తిప్పికొట్టే కప్పు వేస్తే, గోడ లెక్కలాంటిదే కప్పుకూ వేసి లాభం చూపించొచ్చు.

ఎలా ప్రిపేర్ అవ్వాలి?

గేట్ మెకానికల్ సిలబస్‌లో ఉష్ణ ప్రసారం ఉంది. ఎన్‌పీటెల్‌లో దీని మీద పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. అయితే వీడియోలు చూడటంతో సరిపెట్టుకోవద్దు. ఏ ప్రశ్నకైనా ఈ వరుసలో జవాబు చెప్పడం అలవాటు చేసుకోండి: వేడి వస్తువు ఏది, చల్లది ఏది, మధ్యలో దారి ఏది, ఆ దారిలో అడ్డు ఏది.

ఈ రాత్రికి మూడు ప్రశ్నలు. ఫ్లాస్కులో రెండు పొరల మధ్య గాలి ఎందుకు తీసేస్తారు? మట్టికుండలో నీళ్లు గది కంటే చల్లగా ఎలా ఉంటాయి? దిండు కింద పెట్టి చార్జింగ్ చేస్తే ఫోన్ ఎందుకు వేడెక్కుతుంది? ఒక్కోదానికి రెండు నిమిషాలు, పుస్తకం చూడకుండా, మీ రూమ్మేట్‌కు అర్థమయ్యేలా చెప్పండి. వాళ్లు ‘ఎందుకు?’ అని మళ్లీ అడిగిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. రేపు చదవాల్సింది అక్కడి నుంచే.