అందరికీ అంతర్జాలం

విజయనగరం సంగీత కళాశాల పుట్టుకను గురించి ఆ ఊరిలో ఒక ముచ్చట చెబుతారు. సంస్థానంలో కొలువు చేస్తున్న ఒక ఉద్యోగికి చూపులేని కుమారుడు ఉండేవాడు. ఆ బాలునికి సంగీతం చెప్పించాలన్న తండ్రి కోరిక ప్రభువైన విజయరామ గజపతిరాజు చెవిన పడింది. ఒక గురువును కుదిర్చి ఆ ఒక్క పిల్లవానికి పాఠం చెప్పిస్తే సరిపోయేది. ప్రభువు అంతటితో ఆగలేదు. సంగీతం నేర్వగోరే వారందరి కోసం పాఠశాలనే నెలకొల్పారు. 1919లో వెలసిన ఆ పాఠశాలకు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. అక్కడ వయొలిన్ ఆచార్యులుగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి కూడా చిన్ననాటి నుంచి చూపు మందమే. ఆయన 1936లో ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. ఘంటసాల, పి. సుశీల అక్కడ చదువుకున్నవారే. చూపులేని ఒక బాలుని కోసం తెరచిన వాకిలి గుండా చూపున్నవారే ఎక్కువమంది లోపలికి నడిచారు.

ఒకరి ఇబ్బందిని గుర్తించి చేసిన ఏర్పాటు పదిమందికీ మేలు చేయడం అరుదైన విషయం కాదు. మెట్ల పక్కన కట్టిన వాలుదారిని చూడండి. అది చక్రాల కుర్చీలో వచ్చేవారి కోసం కట్టినది. కాని మోకాళ్ళ నొప్పితో బాధపడే వృద్ధులు, పసిపిల్లను ఎత్తుకున్న తల్లి, బరువైన పెట్టెను లాగుతూ వచ్చే ప్రయాణికుడు, అందరూ ఆ వాలువైపే నడుస్తారు. ఇటువంటి నిర్మాణ దృష్టికి 'సార్వజనీన రూపకల్పన' అని పేరు. ఈ భావనకు ఆంగ్లంలో పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికాకు చెందిన రొనాల్డ్ మేస్ అనే వాస్తుశిల్పి. బాల్యంలో పోలియో సోకి చక్రాల కుర్చీలోనే జీవితం గడిపినవాడు ఆయన. వికలాంగుల కోసం వేరుగా ఒక వస్తువును తయారుచేయడం కాదు, మొదటనే అందరినీ తలచుకొని తయారుచేయడమే ఆయన వాదంలోని సారం. ఇల్లు కట్టిన తరువాత గోడ పగలగొట్టి తలుపు పెట్టడం కన్న, పునాది వేసేనాడే తలుపు ఎక్కడో నిర్ణయించుకోవడం తేలిక, చౌక.

ఈ ఆలోచన ఇటుక, సున్నాలతో ఆగలేదు. 1989లో టిమ్ బెర్నర్స్ లీ వెబ్‌ను ప్రతిపాదించినప్పటి నుంచి మనుషుల పనులు ఒక్కొక్కటిగా దానిలోకి చేరుతూ వచ్చాయి. పరీక్షా ఫలితాలు, రైలు టికెట్లు, బ్యాంకు లావాదేవీలు, కళాశాల ప్రవేశాలు, భూమి పత్రాలు, పింఛను దరఖాస్తులు అన్నీ ఇప్పుడు అక్కడే ఉన్నాయి. ఇచ్ఛాపురంలోని విద్యార్థికైనా సాలూరులోని రైతుకైనా కార్యాలయం వాకిలి ఇక వెబ్ పుటే. ఆ వాకిలికి మెట్లే ఉండి వాలుదారి లేకపోతే కొందరు బయటే నిలిచిపోతారు. ఈ ప్రమాదాన్ని గుర్తించి వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1997లో ఒక ప్రత్యేక విభాగాన్ని ఏర్పరచింది. 1999లో తొలిసారి వెలువడిన దాని మార్గదర్శక సూత్రాలు పలుమార్లు సవరణ పొంది 2023లో కొత్త రూపం ధరించాయి. వెబ్ పుటలోని విషయం ఇంద్రియాలకు అందాలి, దానిని నడపడానికి వీలుండాలి, అది అర్థం కావాలి, ఏ సాధనంతో తెరచినా చెదరకుండా నిలవాలి. ఈ నాలుగే ఆ సూత్రాలకు మూలస్తంభాలు.

చూపులేని విద్యార్థి వెబ్ పుటను ఎలా చదువుతాడో తెలిస్తే ఈ మాటల అర్థం బోధపడుతుంది. అతనికి తోడుగా 'స్క్రీన్ రీడర్' అనే సాధనం ఉంటుంది. తెరమీది విషయాన్ని అది వరుసగా చదివి వినిపిస్తుంది. ఈ సాధనాలు చాలాకాలం సామాన్యులు కొనలేనంత ఖరీదుగా ఉండేవి. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు చూపులేని యువకులు 2006లో ఎన్‌.వి.డి.ఎ. అనే స్క్రీన్ రీడర్ నిర్మాణాన్ని ప్రారంభించి, ప్రపంచమంతటికీ ఉచితంగా అందించారు. సాధారణ సెల్‌ఫోన్లలో కూడా టాక్‌బ్యాక్ పేరుతో ఇటువంటి సదుపాయమే ఉంటుంది.

అయితే స్క్రీన్ రీడర్‌కు కళ్ళు లేవు. పుటను తయారుచేసినవారు లోపల ఏమి రాశారో అదే అది చదువుతుంది. శీర్షికను శీర్షికగా గుర్తించి రాస్తే, వినేవాడు ఒక శీర్షిక నుంచి మరొక శీర్షికకు దూకుతూ కావలసిన చోటికి చేరగలడు. అక్షరాలను కేవలం లావుగా పెట్టి వదిలేస్తే అతడు పుటనంతా మొదటి నుంచి చివరిదాకా వినవలసిందే. హాల్‌టికెట్ సంఖ్య నింపవలసిన గడికి పేరు తగిలించకపోతే, "ఇక్కడ రాయండి" అన్నంత మాత్రమే వినిపిస్తుంది. ఏమి రాయాలో తెలియదు. పుట నిండా "ఇక్కడ నొక్కండి" అనే లంకెలే ఉంటే, ఆ 'ఇక్కడ' ఎక్కడో వినేవానికి అంతుబట్టదు. బొమ్మ వెనుక దానిని వర్ణించే ఒక వాక్యం రాయడానికి అర నిమిషం చాలు. ఆ వాక్యం లేనిచోట అతనికి వినిపించేది ఏదో ఒక ఫైలు పేరు, నాలుగు అంకెలు. ఇక మనిషినో యంత్రమో తేల్చుకోవడానికి వంకర టింకర అక్షరాలను చూపి వాటిని గుర్తించమనే పరీక్ష ఒకటి ఉంది. వినికిడి మార్గం లేని చోట, అది చూపులేని మనిషిని యంత్రంగా నిర్ధారించి వెనక్కి పంపుతుంది.

చేతులు వణికేవారు, చేయి విరిగి కట్టు కట్టుకున్నవారు మౌస్‌ను కదపలేరు. కీబోర్డులోని ట్యాబ్ మీటతోనే పుటంతా తిరగగలిగితే వారికి చింత లేదు. తప్పిన సబ్జెక్టులను ఎరుపులోను, నెగ్గినవాటిని ఆకుపచ్చలోను చూపి ఊరుకుంటే, ఆ రెండు రంగుల తేడా తెలియనివారికి ఫలితం తెలియదు. రంగుతో పాటు ఒక మాట కూడా ఉండాలి. తెల్లని నేపథ్యం మీద లేత బూడిదరంగు అక్షరాలు కొందరికి నాజూకుగా తోచవచ్చు. మామూలు పరిమాణంలోని అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1గా ఉండాలని మార్గదర్శక సూత్రాలు చెబుతున్నాయి. మిట్టమధ్యాహ్నం పొలం గట్టున నిలబడి ఫోను చూసే రైతుకు ఈ నియమం విలువ ఎవరూ వివరించనక్కరలేదు.

తెలుగు విషయంలో మరొక చిక్కు వచ్చిపడింది. ఇది తెలుగువారు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది. ప్రపంచ భాషల లిపులన్నిటిలోని ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్యను కేటాయించే ఏర్పాటు యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలున్న ఒక గది దక్కింది. కాని ఆ ఏర్పాటు కంప్యూటర్లలో స్థిరపడడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా తెలుగు అచ్చు కోసం ఒక ఉపాయం అల్లుకుపోయింది. కంప్యూటరు లోపల ఆంగ్ల అక్షరమే ఉంటుంది, దానికి తెలుగు రూపాన్ని తొడిగిన ఖతి మాత్రం పైన ఉంటుంది. చూసే కంటికి అది చక్కని తెలుగు. ఆ ఖతి లేని కంప్యూటరులో తెరచినా, స్క్రీన్ రీడర్‌తో చదివించినా అర్థంలేని ఆంగ్ల అక్షరాల గుంపు. పైగా ఒక్కొక్క సంస్థ ఖతికి ఒక్కొక్క లెక్క. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో వెబ్‌లోకి వచ్చిన తెలుగు వార్తలలో, కథలలో చాలా భాగం ఇలా వేషం వేసుకున్న ఆంగ్లాక్షరాలే.

దీనివల్ల ముందుగా నష్టపోయినవారు చూపులేని తెలుగు పాఠకులు. నష్టం వారితో ఆగిపోలేదు. వెబ్‌లో వెదికిపెట్టే యంత్రాలకు కూడా కళ్ళు లేవు కదా. తెలుగు మాట ఇచ్చి వెదికితే ఆ పుటలు దొరికేవి కావు. ఒక వాక్యాన్ని నకలు తీసి మరొకచోట అతికితే అక్షరాలు చెదిరిపోయేవి. అనువదించడం, మరొక ఖతిలోకి మార్చడం కుదిరేది కాదు. యూనికోడ్ వాడకం పెరిగిన తరువాతనే ఈ కష్టాలన్నీ ఒక్కసారిగా తొలగాయి. చూపులేనివారికి తెలుగు వినిపించేలా చేసిన ఆ మార్పే, చూపున్నవారికి తెలుగును వెదకగలిగేలా చేసింది. ఆ పాత రోగం మాత్రం మరో రూపంలో మిగిలే ఉంది. సంతకం, ముద్ర వేసిన కాగితాన్ని ఫోటో తీసి ఉత్తర్వుగానో ప్రకటనగానో పెట్టడం నేటికీ కనబడుతుంది. అందులోనూ అక్షరాలు లేవు, అక్షరాల బొమ్మలే ఉన్నాయి.

కంటికీ చెవికీ అందినంత మాత్రాన పని పూర్తికాదు. రాసినది అర్థం కావాలన్న మూడవ సూత్రం కోసం శ్రీకాకుళం సీమలో ఒక మనిషి వెబ్ పుట్టుకకు ఎంతో ముందే పోరాడాడు. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ కొండలలోని సవరల భాషను నేర్చుకున్నారు. వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పాఠపుస్తకాలు రాశారు. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. కొండ ప్రాంతాల తిరుగుడులో ఆయనకు మలేరియా సోకింది, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిన్నది. చెవులు వినబడని ఆ పండితుడే, బడిపిల్లలకు అర్థంకాని గ్రాంథిక భాషను పక్కనపెట్టి జనం మాట్లాడే భాషలో పుస్తకాలు రాయాలని జీవితాంతం వాదించారు. ఈనాడు ఒక దరఖాస్తు ఫారంలో "పూర్వోక్త ధ్రువీకరణలను సమర్పించవలయును" అని చదివి తికమకపడే వ్యక్తికి కావలసినది గిడుగు కోరినదే. సవరల కోసం మంగై గొమాంగో 1936లో రూపొందించిన లిపికి 2012లో యూనికోడ్‌లో స్థానం దొరికింది. కొండల మీది ఆ అక్షరాలు సెల్‌ఫోనులోకి నడిచి రావడానికి దాదాపు ఎనభై ఏళ్ళు పట్టింది.

వినికిడి లేనివారి ఇబ్బంది వేరొక రకం. 2020లో బడులు మూతపడి పాఠాలన్నీ వీడియోలుగా మారినప్పుడు, మాటలకు ఉపశీర్షికలు లేని పాఠం వారికి మూగబొమ్మల ఆటగా మిగిలింది. ఉపశీర్షికలు ఉన్నచోట, రొదగా ఉన్న బస్సులో కూర్చున్న విద్యార్థి కూడా పాఠం చదువుకోగలడు.

ఆపద వేళ ఈ తేడా మరీ పెద్దది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. అటువంటి రోజున సంకేతాలు బలహీనపడిన ఫోనుకు, పెద్ద బొమ్మగా పంపిన హెచ్చరిక కన్న నాలుగు పంక్తుల అక్షరాలు తేలికగా చేరతాయి. చూపులేనివారికి వినిపించేదీ ఆ నాలుగు పంక్తులే.

ఇవన్నీ దయతో చేసే ఉపకారాలా, హక్కులా అన్న ప్రశ్న న్యాయస్థానాల దాకా వెళ్ళింది. ఇంటర్మీడియట్ విద్యార్థులకు దగ్గరి ఉదాహరణ మచిలీపట్నం ప్రాంతానికి చెందిన శ్రీకాంత్ బొల్లాది. పుట్టుకతోనే చూపులేని ఆయన పదవ తరగతి తరువాత సైన్సు, గణితం చదవాలనుకుంటే నిబంధనలు ఒప్పుకోలేదు. న్యాయస్థానంలో గెలిచి ఆ శాఖలో చేరారు. పాఠ్యపుస్తకాలను ధ్వనిరూపంలోకి మార్పించుకొని విని చదివి, 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. తరువాత అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరిన తొలి విదేశీ అంధ విద్యార్థి అయ్యారు. చదవలేనిది ఆయన కాదు, ఆయనకు చదువును అందించలేనివి ఆనాటి పుస్తకాలు.

మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం ఏదో ఒక వైకల్యం ఉన్నవారు 2.68 కోట్లమంది. 1995 నాటి చట్టం స్థానంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ఎలక్ట్రానిక్ సమాచారం కూడా అందరికీ అందుబాటులో ఉండాలని విధించింది. అయినా బ్యాంకు ఖాతా తెరవాలన్నా సిమ్ కార్డు కొనాలన్నా, ఫోను కెమెరా ముందు కనురెప్పలు ఆర్పి తాను సజీవంగా ఉన్నట్టు నిరూపించుకోవలసిన పద్ధతి వచ్చింది. ఆమ్లదాడిలో కళ్ళు, ముఖం దెబ్బతిన్నవారు రెప్పలు ఎలా ఆర్పగలరు? కెమెరా ఎక్కడుందో చూపులేనివారికి ఎలా తెలుస్తుంది? ఆమ్లదాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్, చూపులేని న్యాయవాది అమర్ జైన్ వంటివారు వేసిన వ్యాజ్యాలలో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని ప్రకటించి, అధికారులకు 20 ఆదేశాలు జారీచేసింది.

తీర్పు అమలవుతున్నదో లేదో తెలుసుకోవడానికి న్యాయశాస్త్రం చదవనక్కరలేదు. ఏ కళాశాల వెబ్‌సైటునైనా తెరచి, మౌస్‌ను పక్కనపెట్టి ట్యాబ్ మీటతో ప్రవేశ దరఖాస్తు దాకా వెళ్ళి చూడవచ్చు. ఫోనులో టాక్‌బ్యాక్‌ను ఆన్ చేసి కళ్ళు మూసుకొని అదే పుటను వినవచ్చు. ఆ పుటలోని ఒక ముఖ్యమైన చోట "చిత్రం నాలుగు" అన్న మాట తప్ప మరేమీ వినిపించకపోతే, అది తోటలో పూలబొమ్మ కావచ్చు, పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ కావచ్చు.