పృచ్ఛకుడికీ నియమం ఉంది

అష్టావధానంలో నిషిద్ధాక్షరి నడుస్తున్నంతసేపూ సభ చూపంతా అవధాని మీదే ఉంటుంది. ఆయన ఒక అక్షరం పలుకుతాడు. తర్వాత ఏ అక్షరం రాబోతోందో ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. అవధాని ఆ దారి వదిలిపెట్టి, ఛందస్సు చెడకుండా, అర్థం తప్పకుండా, మరో అక్షరంతో పద్యాన్ని ముందుకు నడపాలి. అయితే అక్కడ పరీక్షకు నిలబడేది ఆయన ఒక్కడే కాదు. పృచ్ఛకుడికి గణాలు తెలియాలి, యతిప్రాసలు తెలియాలి, ఆ అక్షరం తర్వాత ఏయే మాటలు రావడానికి వీలుందో తెలియాలి. అవేవీ తెలియకుండా నోటికొచ్చిన అక్షరాన్ని వద్దంటే అవధానికి అడ్డూ తగలదు, సభకు ఆనందమూ దక్కదు. సమస్య ఇచ్చేవారికీ ఇలాంటి బాధ్యతే ఉంది. పూరించడానికి వీల్లేనిది ఇవ్వకూడదు. అవధాని తన పూరణ చెప్పాక, మీ పూరణ ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పగలిగేలా సిద్ధపడి రావడం మంచి పృచ్ఛకుడి మర్యాద. సాటి మనిషి సృష్టికి అడ్డు తగిలే హక్కు కావాలంటే ముందు దానికి తగిన శ్రమ చేసి రావాలన్నది అవధాన విద్య మనకు నేర్పిన పాఠం.

ఈ పాఠం ఇప్పుడు అందరికీ అవసరమైంది. బందరులోనో గుడివాడలోనో అవనిగడ్డలోనో ఒక కుర్రాడు కవిత రాసినా, ఒక గృహిణి కథ రాసినా, కళాశాల విద్యార్థులు లఘుచిత్రం తీసినా అది కాసేపట్లోనే ఫోన్ గ్రూపుల్లోకి వెళుతుంది. వచ్చే స్పందనల్లో ఎక్కువ భాగం రెండే రకాలు. ఒకటి అద్భుతం, అమోఘం అనే పొగడ్త. రెండోది ఇదీ ఒక కవిత్వమేనా అనే ఈసడింపు. పైకి ఇవి ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి గానీ ఫలితంలో రెండూ ఒకటే. మర్నాడు ఆ రచయిత మళ్లీ కాగితం ముందు కూర్చుంటే ఏ వాక్యాన్ని ఏం చేయాలో ఈ రెండింటిలో ఏదీ చెప్పదు. నా వాదన ఒక్కటే. మంచి విమర్శను గుర్తించడానికి అది తీయగా ఉందా, కారంగా ఉందా అని చూడనక్కరలేదు. రచయితకు తర్వాత చేయవలసిన పని ఒకటి దాని నుంచి దొరికిందా అని చూడాలి. అలాంటి విమర్శ రావాలంటే రచనకు నియమాలున్నట్టే విమర్శకుడికీ నియమాలుండాలి.

ఈ మాట దిగువ కృష్ణాతీరానికి కొత్తది కాదు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేశారు. నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ, దివిసీమలోని పెదకళ్లేపల్లికి చెందిన వేటూరి ప్రభాకరశాస్త్రి, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ఆయన శిష్యులు. ఈ నలుగురూ ఒకే దారిలో వెళ్లలేదు. వేటూరివారు తాళపత్రాలు పరిశోధించి, పాఠాలు పోల్చి, ఏది సరైన పాఠమో ఆధారంతో తేల్చే పనికి జీవితం ధారపోశారు. పింగళి, కాటూరి జంటకవులై కలిసి రాశారు. జంటగా రాయడమంటే ప్రతి పద్యానికీ మొదటి విమర్శకుడు పక్కనే కూర్చుని ఉండటం. ఆ విమర్శకుడు తప్పు చూపించి లేచి వెళ్లిపోలేడు, ఆ తప్పును దిద్దే పనిలో అతనికీ సగం వాటా ఉంటుంది. ఆ బందరులోనే 1902లో మొదలైన కృష్ణాపత్రికకు ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా సంపాదకులు. సాయంత్రాలు ఆయన చుట్టూ కవులు, కళాకారులు, దేశభక్తులు చేరి మాట్లాడుకునే కూడలికి దర్బారు అనే పేరు నిలిచిపోయింది. రాసినవాడూ చదివినవాడూ ముఖాముఖి కూర్చుని, మర్నాడు మళ్లీ కలుసుకోవలసిన చోట మాటకు బరువు ఉంటుంది. అన్న మాటకు అన్నవాడు జవాబుదారీ అవుతాడు.

అలాగని ఆ కాలమంతా ఆదర్శమని చెప్పలేం. ఆ తిరుపతి వేంకట కవులకే కొప్పరపు సోదర కవులతోనూ, ఓలేటి వేంకటరామశాస్త్రి, వేదుల రామకృష్ణశాస్త్రి జంటతోనూ తీవ్రమైన వివాదాలు నడిచాయి. అభిమానులు పక్షాలుగా చీలిపోయారు. ఖండనలు, వాటికి ప్రతిఖండనలు అచ్చయ్యాయి. వాటిలో వ్యాకరణం మీద, ప్రయోగాల మీద విలువైన చర్చ ఉంది, కాదనడం అన్యాయం. కానీ చర్చ పద్యం మీద నుంచి జారి మనిషి మీదకు, అతని పాండిత్యం మీదకు, పరువు మీదకు వెళ్లిన చోటల్లా సాహిత్యానికి మిగిలింది తక్కువ. ఇప్పుడు తిరుపతి వేంకట కవుల నాటకాలైన పాండవోద్యోగ విజయాల పద్యాలు పల్లెటూళ్లలో సైతం నోటికి వచ్చినవారున్నారు. ఆ వివాద గ్రంథాలను మాత్రం పరిశోధకులే తెరుస్తున్నారు. అంతటి ప్రతిభావంతుల శక్తి అంత కాలం పంతాలకు ఖర్చయిపోవడం తెలుగుకు నష్టమే.

ఇలా జారడం ఎందుకంత హాని చేస్తుందో ఆధునిక పరిశోధన కూడా చెప్పింది. అవ్రహం క్లూగర్, ఏంజెలో డెనిసి అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలనుంచి 607 ఫలితాలను ఒకచోట చేర్చి 1996లో ఒక విశ్లేషణ ప్రచురించారు. చేసిన పని ఎలా ఉందో మనిషికి చెబితే సగటున అతని పని మెరుగుపడుతుందని తేలింది. అయితే మూడో వంతుకు పైగా సందర్భాల్లో అలా చెప్పినందువల్లే పని దిగజారింది. చెప్పిన మాట దృష్టిని పని మీద నిలిపితే మేలు, మనిషి తాను ఎంతటివాడినన్న ఆలోచనలో పడేలా చేస్తే కీడు అన్నది వారు ఇచ్చిన వివరణ. ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే, తిట్టు ఒక్కటే కాదు, మితిమీరిన పొగడ్త కూడా దృష్టిని మనిషి మీదకే తిప్పుతుంది. నీకు కవిత్వం రాదన్నా, నువ్వు మహాకవివన్నా ఆ కవితలోని మూడో చరణం సంగతి అక్కడితో ఆగిపోతుంది.

పొగడ్త చేసే చెరుపు గురించి మన పద్యనాటకాలు చాలా చెబుతాయి. ఈ డెల్టాలో రాయబారం పడకసీను పద్యాలకు వన్స్ మోర్ కొట్టని ఊరు అరుదు. ఆ కేక నటుడికి ప్రాణం పోస్తుంది, అందులో సందేహం లేదు. అయితే వన్స్ మోర్ అన్నది ఏది బాగుందో విడదీసి చెప్పదు. పద్యభావమా, గొంతా, రాగమా? తేలికగా చప్పట్లు తెచ్చేది రాగం గనక రాగాలాపనే పెరుగుతూ పోయింది. కథ ఆగిపోయి, పాత్ర వెనక్కి తగ్గి, గాయకుడు ముందుకొచ్చాడని పద్యనాటకాన్ని ప్రేమించినవారే బాధపడ్డారు. వివరం లేని మెప్పు కళను తనకు నచ్చిన వైపు లాక్కుపోతుంది. ఇజ్రాయెల్ బడిపిల్లల మీద రూత్ బట్లర్ చేసి 1988లో ప్రచురించిన అధ్యయనం కూడా దీనికి దగ్గరగా ఉంది. పని గురించి వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల్లో ఆసక్తీ నైపుణ్యమూ పెరిగాయి. మార్కులు అందుకున్నవారిలో ఆ మేలు కనిపించలేదు. మార్కులతో పాటు వ్యాఖ్య ఇచ్చినా ఫలితం దాదాపు అంతే. ఫోన్‌లో వచ్చే లైకుల లెక్క ఒక రకంగా మార్కుల లెక్కే. ఎన్ని వచ్చాయో చూసుకునేవారికి ఎందుకు వచ్చాయో అడగాలని తోచదు.

పదో శతాబ్దపు ఆలంకారికుడు రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో భావకులను, అంటే కావ్యాన్ని ఆస్వాదించి బేరీజు వేసేవారిని, నాలుగు రకాలుగా విభజించాడు. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డితో సహా అన్నీ తినేసేవాడు సతృణాభ్యవహారి. అసూయతో చూసేవాడు మత్సరి. సారాన్ని పట్టుకోవాలని పట్టుదలగా ప్రయత్నించేవాడు తత్త్వాభినివేశి. మొదటి ముగ్గురూ ప్రతి గ్రూపులోనూ కనిపిస్తారు. నాలుగోవాడు అరుదు. అయితే అతను పుట్టుకతో అలా రాడని, అభ్యాసంతో తయారవుతాడని నా నమ్మకం. ఆ అభ్యాసానికి ఒక క్రమం కూడా ఉంది. లిజ్ లెర్మన్ అనే అమెరికన్ నృత్యకారిణి 1990లో ఒక పద్ధతి రూపొందించారు. ముందు చూసినవాళ్లు తమకు ఏది తగిలిందో, ఏది గుర్తుండిపోయిందో చెబుతారు. తర్వాత కళాకారుడు తన సందేహాలు అడుగుతాడు. ఆ తర్వాత చూసినవాళ్లు తీర్పు దాగని ప్రశ్నలు వేస్తారు. ఆఖరున, కళాకారుడి అనుమతి తీసుకుని, తమ అభిప్రాయాలు చెబుతారు. అభిప్రాయం నాలుగో మెట్టు మీద ఉందన్నదే ఇందులో కీలకం. మనం సాధారణంగా దానితోనే మొదలుపెడతాం.

ఒక ఉదాహరణ ఊహిద్దాం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మీద ఒకరు కథ రాశారు. కథ హృదయవిదారకంగా ఉందంటే రాసినవారికి తెలిసిందేమీ లేదు. ఇది పత్రికా వార్తలా ఉంది, కథ కాదంటే నొప్పి తప్ప మిగిలిందేమీ లేదు. ఇలా చెబితే వేరు: తల్లి పిల్లవాడి చేయి జారవిడిచే చోట నేను చదవడం ఆపేశాను, మళ్లీ మొదలుపెట్టడానికి కాసేపు పట్టింది. ఆ ముందు రెండు పేజీలూ గాలి వేగం, నీటి మట్టం లాంటి లెక్కలతో నిండాయి. ఆ తల్లి నాకు పరిచయమయ్యేది మూడో పేజీలో. ఈ కథ తుఫాను గురించా, ఆ తల్లి గురించా? తల్లి గురించే అయితే ఆమె ముందే రావద్దా? ఈ మాటల్లో ఎక్కడా తీపి పూత లేదు. లోపం లోపంగానే చెప్పారు. కానీ చోటు చూపించారు, కారణం చెప్పారు, రచయిత ఉద్దేశం ఏమిటో అడిగారు, నిర్ణయం అతనికే వదిలారు. ఇలా చెప్పాలంటే కథ రెండుసార్లు చదవాలి. విమర్శకుడు చెల్లించవలసిన మూల్యం అదే.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. గురువుల చేత చివాట్లు తిన్నవారే గట్టిపడ్డారు, సుకుమారంగా చెబితే ఎవరూ ఎదగరని కొందరంటారు. చివాట్లు తిని నిలిచినవారు మనకు కనిపిస్తారు, వాటితో కలం మూసేసినవారు కనిపించరు. పైగా ఆ గురువు రోజూ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు, తప్పు చూపిన చేతితోనే దిద్దాడు. ముఖం తెలియని చోట ఒక్క వాక్యం విసిరి వెళ్లేవారికి ఆ చనువు లేదు. నలుగురి మాటా వింటే రచయిత సొంత గొంతు పోతుందన్నది మరో భయం. చెళ్లపిళ్ల వారి ధారాశుద్ధికీ, విశ్వనాథ వారి జటిలమైన శైలికీ ఎంత దూరమో చదివినవారికి తెలుసు. గురువు దగ్గర నేర్చుకున్నది శిష్యుడిని గురువు నకలుగా మార్చలేదు. పని నేర్పే విమర్శ గొంతును చెరపదు, నాలాగే రాయమనే విమర్శ చెరుపుతుంది. రాయనివారికి విమర్శించే హక్కు లేదన్న మాట కూడా సరికాదు. పాఠకుడు మందు రాసివ్వలేకపోవచ్చు, ఎక్కడ నొప్పిగా ఉందో మాత్రం అతనికంటే బాగా ఎవరికీ తెలియదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఇది: రచన ఉద్దేశమే తప్పని నాకు తోస్తే, ఆ ఉద్దేశాన్ని గౌరవించి సలహాలు ఎలా ఇవ్వను? దీనికి గుడివాడ దగ్గర అంగలూరులో 1887లో పుట్టిన కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి జీవితమే సమాధానం. పురాణేతిహాసాల విలువలతో ఆయనకు పేచీ ఉంది. ఆ పేచీని యతిప్రాసల దోషాల మాటున దాచలేదు. శంబుకవధ, కురుక్షేత్ర సంగ్రామం, సూతపురాణం రాసి తన వాదాన్ని బాహాటంగా, తన పేరు మీద నిలబెట్టారు. భావంతో విభేదం ఉంటే భావం మీదే వాదించాలి. రచయిత కులమో మతమో పార్టీయో నచ్చక అతని వాక్యనిర్మాణంలో లోపాలు వెతకడం మాత్రం విమర్శ పేరుతో చేసే మోసం. అలాగే, హాని చేసే అబద్ధం రాసినవారికి శిల్పసలహాలు ఇవ్వనక్కరలేదు, అది అబద్ధమని ఆధారంతో చెప్పడమే ధర్మం.

నియమం పెట్టుకుంటే ఇది సాధ్యమేనని చూపిన తెలుగువారు మన మధ్యనే ఉన్నారు. 1998లో అమెరికా తెలుగువారు మొదలుపెట్టిన ఈమాట పత్రిక, వచ్చిన రచనకు మార్పులు సూచించి, పరిష్కరించి ప్రచురించే పద్ధతిని అలవాటు చేసింది. చిన్న గ్రూపులూ ఆ పని చేయవచ్చు. రచన పెట్టేవారు తమకు కావలసింది మెప్పా, దిద్దుబాటా ముందే చెప్పాలి. అక్షరదోషాలు, వాస్తవాల తప్పులు విడిగా చెప్పాలి, శిల్పం మీద చర్చ అందరి ముందూ జరగాలి. లోపం చెప్పే ప్రతివారూ చోటు చూపించి కారణం చెప్పాలి, కారణం లేని మాటను నిర్వాహకులు పక్కన పెట్టాలి. రాసినవారు ప్రతి సలహానూ పాటించనక్కరలేదు గానీ, ఇద్దరు ముగ్గురు ఒకే చోట ఆగిపోయారంటే ఆ చోటును మళ్లీ చూడటం వారి విధి. ఈ నాలుగూ పెద్ద షరతులేమీ కావు. వీటికి డబ్బు అక్కరలేదు, పాండిత్యం కూడా అక్కరలేదు, సాటివాడి పనికి కొంత సమయం ఇచ్చే మనసు కావాలి. ఆ సమయం ఇవ్వలేని రోజున మౌనంగా ఉండటం తప్పు కాదు. ఇవ్వగలిగిన రోజున మాత్రం అద్భుతం అని ఊరుకోకుండా, ఏ వాక్యం ఎందుకు అద్భుతమో, ఏ వాక్యం ఎందుకు ఇంకా కుదరలేదో చెప్పడం మనం ఒక రచయితకు చేయగల అసలైన గౌరవం.