ఆట ఇటుకలు – యంత్ర పాఠాలు

నిజాంసాగర్ కాలువ నీటితో చెరకు పండిన బోధన్ ప్రాంతంలో పిల్లలకు బండి కొత్త వస్తువు కాదు. జొన్న బెండ్లను ముక్కలుగా కోసి, పుల్లలతో గుచ్చి ఎడ్లబండిని తయారుచేయడం, పాత చెప్పుల అడుగులను గుండ్రంగా కత్తిరించి చక్రాలుగా అమర్చడం తెలంగాణ పల్లెలలో తరతరాలుగా సాగిన ఆట. ఆ బండికి దారం కట్టి లాగే బాలుడు తనకు తెలియకుండానే ఇరుసు, చక్రం, బరువు, ఘర్షణ అనే నాలుగు విషయాలను నేర్చుకొంటాడు. చక్రం నడుమ రంధ్రం సరిగా కుదరకపోతే బండి కుంటుతుంది. ఇరుసు బిగుసుకొంటే అసలు కదలదు. తప్పు ఎక్కడున్నదో చెప్పే గురువు పక్కన ఉండడు. ఆ పని బండే చేస్తుంది.

ఈ ఆటకు ఆధునిక రూపం ప్లాస్టిక్ ఇటుకలతో వాహనాలను నిర్మించి, చిన్న విద్యుత్ మోటార్లతో వాటిని నడపడం. పెట్టె మీది బొమ్మను చూసి నిర్మించడం ఇందులో మొదటి మెట్టు మాత్రమే. తాను రోజూ చూసే వాహనాన్ని సొంతంగా ఊహించి నిర్మించడం, నిర్మించినదానిలో లోపాన్ని గుర్తించి సవరించడం అసలైన విద్య.

ఇటుక పుట్టుక:

డెన్మార్క్ దేశంలోని బిల్లుండ్ అనే చిన్న ఊరిలో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మల తయారీ ప్రారంభించాడు. 1934లో తన సంస్థకు ‘లెగో’ అని పేరు పెట్టాడు. ‘బాగా ఆడుకో’ అనే అర్థమిచ్చే రెండు డేనిష్ మాటల కలయిక అది. 1949లో ఆ సంస్థ ప్లాస్టిక్ ఇటుకలను తయారుచేసింది. బ్రిటన్‌కు చెందిన హిలరీ ఫిషర్ పేజ్ అంతకుముందే రూపొందించిన ఇటుకలు వాటికి ఆధారం. అయితే ఆ ఇటుకలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనేవి కావు. ఓలే కిర్క్ కుమారుడు గాడ్‌ఫ్రెడ్ ఇటుక లోపలి ఖాళీలో గొట్టాలను చేర్చి ఈ లోపాన్ని సవరించాడు. పై ఇటుకలోని గొట్టాలు, గోడలు కలిసి కింది ఇటుక బొడిపెలను బిగించి పట్టుకొంటాయి. ఈ ఏర్పాటుకు 1958 జనవరి 28న పేటెంటు కోరారు. ఒక సాధారణ వస్తువులోని చిన్న లోపాన్ని ఓపికగా సవరించడం వల్ల ప్రపంచమంతా ఎరిగిన ఆటవస్తువు రూపొందింది.

ఎనిమిది బొడిపెలున్న ఒకే రంగు ఇటుకలు ఆరింటిని తీసుకొంటే, వాటిని 91,51,03,765 విధాలుగా కలపవచ్చునని గణితజ్ఞులు లెక్కించారు. ఆరు ఇటుకలకే ఇన్ని రూపాలు సాధ్యమైతే, కొన్ని వందల ఇటుకలు చేతిలో ఉన్న విద్యార్థి ఊహకు ఎల్లలు ఎక్కడ?

1966లో మోటారుతో నడిచే రైలుబండి, 1977లో పళ్ళచక్రాలు, ఇరుసులు, రంధ్రాలున్న ఇటుకలతో కూడిన సాంకేతిక శ్రేణి వెలువడ్డాయి. 1998లో కంప్యూటరు ఆజ్ఞలను పాటించే ‘మైండ్‌స్టార్మ్స్’ శ్రేణి వచ్చింది. పిల్లలు వస్తువులను నిర్మిస్తూ జ్ఞానాన్నీ నిర్మించుకొంటారని ప్రతిపాదించిన సీమోర్ పాపర్ట్ 1980లో రాసిన గ్రంథం నుండి ఆ పేరు తీసుకొన్నారు. ఆ శ్రేణి 2022తో ముగిసినా, అది నేర్పిన పద్ధతి విద్యాలయాలలో నిలిచింది.

చెరకు ట్రాక్టరు నమూనా:

బోధన్, నిజామాబాద్ ప్రాంతాల విద్యార్థి నమూనాగా ఎంచుకోదగిన వాహనం చెరకు ట్రాక్టరు. ఈ ప్రాంత చరిత్రలో దానికి ప్రత్యేక స్థానం ఉన్నది. మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తయింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. కోసిన చెరకులో కాలం గడిచేకొద్దీ చక్కెర శాతం తగ్గుతుంది. కాబట్టి కోత పూర్తయిన వెంటనే దానిని కర్మాగారానికి చేర్చవలసి ఉంటుంది. ఎడ్లబండి, లారీ, ట్రాక్టరు ఈ తొందరలోనే పరుగులు తీశాయి. 2015 డిసెంబరులో బోధన్ కర్మాగారం మూతపడింది. ఆ తరువాత చెరకు వేసిన రైతు దానిని దూరప్రాంతాల కర్మాగారాలకు తరలించవలసి వచ్చింది. దూరం పెరిగితే ఒక్కొక్క ప్రయాణానికి ఎక్కువ బరువు వేయాలనే ఆశ కూడా పెరుగుతుంది. ఎత్తుగా చెరకు నింపిన ట్రాలీని లాగే ట్రాక్టరు ఎత్తుమీద ముందు చక్రాలు లేచి తిరగబడే ప్రమాదం ఉన్నది. ఎందుకు అలా జరుగుతుందో బల్లమీద నమూనాతో చూసి తెలుసుకోవడంలో నష్టమేమీ లేదు. రోడ్డు మీద తెలుసుకోవలసి వస్తే దాని మూల్యం ప్రాణం.

గేర్ల లెక్క:

నమూనా నిర్మించిన విద్యార్థికి మొదట ఎదురయ్యే సమస్య శక్తి చాలకపోవడం. నిమిషానికి 400 సార్లు తిరిగే ఒక మోటారును నేరుగా వెనుక ఇరుసుకు కలిపామనుకొందాం. చక్రం వ్యాసం 8 సెంటీమీటర్లయితే దాని చుట్టుకొలత దాదాపు 25 సెంటీమీటర్లు. ఖాళీ ట్రాక్టరు నిమిషానికి 100 మీటర్లు పరుగెత్తుతుంది. ట్రాలీని తగిలించి ఎత్తు ఎక్కిస్తే మాత్రం మోటారు మూలిగి ఆగిపోతుంది.

దీనికి కారణం చిన్న లెక్కతో తెలుస్తుంది. 100 సెంటీమీటర్ల పలకను ఒక చివర 20 సెంటీమీటర్లు ఎత్తితే, దానిపైకి బండిని లాగడానికి బండి బరువులో అయిదో వంతు బలం కావాలి. ట్రాక్టరు, ట్రాలీ, అందులోని గులకరాళ్ళు కలిపి ఒక కిలో అయితే 200 గ్రాముల బరువుతో సమానమైన బలం అవసరం. చక్రం వ్యాసార్థం 4 సెంటీమీటర్లు కనుక ఇరుసు వద్ద కావలసిన తిప్పుబలం 200 × 4 = 800 గ్రాము-సెంటీమీటర్లు. మోటారు ఇవ్వగలిగినది 200 మాత్రమే అయితే అది ఆగిపోవడంలో వింత లేదు.

ఇక్కడ పళ్ళచక్రం, అనగా గేరు, ఆదుకొంటుంది. మోటారుకు 8 పళ్ళ గేరును, ఇరుసుకు 40 పళ్ళ గేరును అమర్చితే మోటారు అయిదు సార్లు తిరిగినప్పుడు ఇరుసు ఒక్కసారి తిరుగుతుంది. వేగం అయిదో వంతుకు తగ్గి, తిప్పుబలం అయిదు రెట్లు, అంటే 1,000 గ్రాము-సెంటీమీటర్లు అవుతుంది. ఘర్షణ వల్ల అందులో పదో వంతు పోయినా 900 మిగులుతుంది. బండి నిమిషానికి 20 మీటర్ల వేగంతో నెమ్మదిగా, నిలకడగా ఎత్తు ఎక్కుతుంది. వేగాన్ని ఇచ్చి బలాన్ని కొనుక్కోవడమే గేరు నీతి. ఘాటురోడ్డుపై బస్సు డ్రైవరు గేరు తగ్గించడం వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే.

గేర్లను ఇష్టం వచ్చిన చోట అమర్చడం కుదరదు. ఈ ఇటుకలలో రంధ్రానికీ రంధ్రానికీ దూరం 8 మిల్లీమీటర్లు. 8 పళ్ళ గేరు వ్యాసార్థం 4, 24 పళ్ళ గేరు వ్యాసార్థం 12, 40 పళ్ళ గేరు వ్యాసార్థం 20 మిల్లీమీటర్లు. కాబట్టి 8, 24 పళ్ళ గేర్ల ఇరుసుల నడుమ 16 మిల్లీమీటర్లు, అంటే రెండు రంధ్రాల దూరం ఉండాలి. 8, 40 పళ్ళ గేర్లకు మూడు రంధ్రాల దూరం కావాలి. దూరం పెరిగితే పళ్ళు జారుతాయి, తగ్గితే బిగుసుకొంటాయి.

చట్రాన్ని బలపరచడం:

బలం పెరిగిన వెంటనే రెండో లోపం బయటపడుతుంది. గేర్లు ఒకదానినొకటి తోసుకోవడం వల్ల ఇటుకల చట్రం విచ్చుకొని, పళ్ళు టకటకమని జారిపోతాయి. మరిన్ని ఇటుకలు పేర్చడం దీనికి పరిష్కారం కాదు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, పలుచని పలక ఎత్తు 3.2 మిల్లీమీటర్లు. రంధ్రాలున్న రెండు ఇటుకల నడుమ రెండు పలకలను ఉంచితే, పై రంధ్రానికీ కింది రంధ్రానికీ దూరం 9.6 + 6.4 = 16 మిల్లీమీటర్లు అవుతుంది. ఇది సరిగ్గా రెండు రంధ్రాల దూరం. అప్పుడు ఒక కమ్మీని నిలువుగా పెట్టి పైనా కిందా చీలలతో బిగించవచ్చు. ఇటుకల పట్టు విడిపోకుండా ఆ నిలువు కమ్మీ కాపాడుతుంది. భవనంలో గోడలను దూలాలు, స్తంభాలు కట్టిపడేసే తీరు ఇదే.

మలుపులో మూడో పాఠం దాగి ఉన్నది. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం నడవాలి. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే ఒకటి నేలను రాసుకొంటూ ఈడ్చుకుపోతుంది. చక్రాలు వేరువేరు వేగాలతో తిరిగేటట్లు చేసే గేర్ల కూర్పును డిఫరెన్షియల్ అంటారు. దీనివల్ల మలుపు సాఫీగా తిరుగుతుంది. అయితే ఒక చక్రం బురదలో జారితే శక్తి అంతా అటే పోయి, రెండో చక్రం నిలిచిపోతుంది. అందుకే పొలంలో దిగే ట్రాక్టర్లకు డిఫరెన్షియల్‌ను తాత్కాలికంగా బంధించే మీట ఉంటుంది. ఒక సమస్యకు పరిష్కారం మరొక సమస్యకు మూలం కావచ్చునని ఇది తెలియజేస్తుంది.

ఇక ముందు చక్రాలు లేచే సమస్య. ట్రాలీని తగిలించే కొక్కెం ఎత్తులో ఉంటే, వెనుకకు లాగే బరువు ట్రాక్టరు ముక్కును పైకి ఎత్తుతుంది. నమూనాలో కొక్కేన్ని రెండు రంధ్రాలు కిందికి దించి చూస్తే తేడా వెంటనే కనిపిస్తుంది. ముక్కు భాగంలో కొంత బరువు చేర్చితే మరింత నిలకడ వస్తుంది. అసలైన ట్రాక్టర్ల ముందు భాగంలో ఇనుప దిమ్మెలు బిగించడానికి కారణం ఇదే.

మెరుగుపరచే పద్ధతి:

ఈ పనిలో విద్యార్థి పాటించవలసిన నియమం ఒకటి ఉన్నది. ఒకసారికి ఒకే మార్పు చేయాలి. గేరు, చక్రం, కొక్కెం మూడింటినీ ఒకేసారి మార్చితే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు. పలక ఎత్తు, మోసిన బరువు, పట్టిన సమయం నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఓడిన ప్రయోగాన్ని కూడా రాసుకోవాలి. ప్రయోగశాలల్లో శాస్త్రజ్ఞులు అనుసరించే మార్గం ఇదే.

ఈ ఇటుకలు ఖరీదైనవి. సామాన్య కుటుంబాలకు అందుబాటులో ఉండవు. 2016లో ప్రారంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద దేశంలోని వేలాది పాఠశాలలలో 6 నుండి 12 తరగతుల విద్యార్థుల కోసం టింకరింగ్ ప్రయోగశాలలు ఏర్పడ్డాయి. అవి లేనిచోట కూడా దారి మూసుకుపోలేదు. పనికిరాని వస్తువులతో విజ్ఞానశాస్త్ర బొమ్మలను రూపొందించి, 2018లో పద్మశ్రీ పొందిన అరవింద్ గుప్తా కృషి ఇందుకు నిదర్శనం. పాత టేపురికార్డరులోని మోటారు, సీసా మూతలు, సైకిలు ట్యూబు ముక్కలు, జొన్న బెండ్లు కూడా ఒక బండిని నడపగలవు. ఇటుక కొలత కచ్చితత్వాన్ని నేర్పితే, బెండు సర్దుబాటును నేర్పుతుంది.

బోధన్ కర్మాగారం గేటు ముందు చెరకు బండ్లు బారులు తీరిన కాలం గతించింది. కాని ఆ బండ్లను నడిపిన సూత్రాలు గతించలేదు. వాటిని చేతులతో తెలుసుకొన్న విద్యార్థి రేపు తక్కువ ఖర్చుతో, తక్కువ ప్రమాదంతో రైతు పంటను మోసే వాహనాన్ని రూపొందించగలడు. బొమ్మ కూలినప్పుడు విసుగు చెందక, ఎందుకు కూలిందని అడిగిన క్షణమే ఆ ప్రయాణానికి ఆరంభం.

ప్రశ్నలు:

1. ‘వేగాన్ని ఇచ్చి బలాన్ని కొనుక్కోవడమే గేరు నీతి’ అనే వాక్యాన్ని ఉదాహరణతో వివరించండి.
2. ట్రాక్టరు ముందు చక్రాలు లేవడానికి కారణాలను, నివారణ మార్గాలను తెలపండి.
3. ఒకసారికి ఒకే మార్పు చేయాలనడంలోని ఔచిత్యం ఏమిటి?
4. మీ ప్రాంతంలో కనిపించే ఒక వాహనాన్ని పరిశీలించి, దాని నమూనా నిర్మాణాన్ని గురించి ఒక వ్యాసం రాయండి.