టమాటాలో చక్కెర, కాయ బరువు: జన్యు నియంత్రణ

వాల్మీకిపురం పరిసరాల నుండి మదనపల్లె మార్కెట్టుకు చేరే టమాటాకు ధర లభించేది ప్రధానంగా బరువును బట్టే, తీపిని బట్టి కాదు. పెద్ద కాయల రకాలలో చక్కెర శాతం సాధారణంగా తక్కువ. కనుక తీపి ఒక్కటే చూసి ఎంపిక చేసిన రకం రైతుకు లాభించదు.

ఆకుల నుండి కాయకు చేరే సుక్రోజును కణకుడ్యంలోని ఇన్వర్టేజ్ ఎంజైము గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. అడవి జాతి సొలానమ్ పెన్నెల్లీకి చెందిన లిన్5 జన్యువులో ఒక్క అమైనో ఆమ్లపు తేడా ఈ ఎంజైము సామర్థ్యాన్ని పెంచుతుందని ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు 2004లో వెల్లడించారు.

2024లో చైనా శాస్త్రజ్ఞులు మరో మార్గం చూపారు. సుక్రోజ్ సింథేజ్ ఎంజైము విచ్ఛిన్నానికి దారితీసే రెండు కైనేజ్ జన్యువులను జన్యుసవరణ ద్వారా నిర్వీర్యం చేయగా, కాయ బరువు తగ్గకుండానే ఈ రెండు చక్కెరలు 30 శాతం వరకు పెరిగాయి. మొలకెత్తే శక్తి తగ్గకపోయినా, గింజలు తక్కువగా, తేలికగా ఏర్పడ్డాయి. తినేవారికి ఇది పట్టింపు కాకపోవచ్చు. విత్తనోత్పత్తిదారునికి మాత్రం అదనపు ఖర్చే.